నది దాటి వచ్చిన ఓట్లు

1855 మార్చి నెలాఖరు గురువారం నాడు ఎల్క్‌హార్న్ వాగు ఒడ్డున బట్టలు పిండుతున్న పెర్మీలియా ప్రూయిట్‌కి తూర్పు దిక్కున దుమ్ము కనిపించింది. పాత గడ్డి కాలిస్తే కొత్త పచ్చిక బాగా వస్తుందని వారం కిందటే మైదానమంతా తగలబెట్టారు. అందుకని ఆ దుమ్ము నల్లగా లేచింది. వానమబ్బు నేల మీద నడిచి వస్తున్నట్టుంది. దగ్గరికొచ్చాక బళ్ళు లెక్కపెట్టింది. ఇరవై దాటాక మానేసింది.

ఆ బళ్ళలో ఒక్క ఆడమనిషి లేదు. నాగలి లేదు, కోళ్ళ గంప లేదు, విత్తనాల మూట లేదు. సారా పీపాలు, తుపాకులు, ఒక ఫిడేలు, రెండు డప్పులు ఉన్నాయి. ప్రతివాడి కోటు బొత్తం కన్నంలోనూ జనపనార పోచ ఒకటి వేలాడుతోంది. బానిసత్వం ఉండాలనేవాళ్ళ గుర్తు అది. మిస్సోరీలో పుట్టింటి పొలంలో చలికాలమంతా బానిసలు జనపనార కొడుతుంటే ఆ చప్పుడు వింటూ పెరిగిన పిల్ల ఆమె. ఎనిమిదేళ్ళ కిందట ఇండియానా వాణ్ణి పెళ్ళాడింది. భర్త వెంట సరిహద్దు నది దాటి కాన్సాస్ వచ్చి ఏడాది కూడా నిండలేదు.

"అక్కా!" అంటూ ముందు గుర్రం మీంచి ఒకడు దూకాడు.

డ్రూరీ మాడక్స్, ఆమె తమ్ముడు. తల్లి మంచాన పడ్డ రెండేళ్ళూ అక్క చంక దిగకుండా పెరిగినవాడు. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళ మగాడు. నడుముకి రెండు పిస్తోళ్ళు.

"ఎందుకొచ్చావురా?" అంది తడిచేతులు తుడుచుకుంటూ.

"అక్కని చూడ్డానికి రాకూడదా?"

"చూడ్డానికి మూడొందలమందిని వెంటేసుకొచ్చావా?"

"నువ్వంటే మా ఊళ్ళో అంత అభిమానం మరి," అని పకపకా నవ్వి, ఆమెని ఎత్తి ఒక చుట్టు తిప్పి దించాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే వాడి భుజం మీంచి వెనక్కి చూసింది. కంచరగాడిద మీద పుట్టింటి బానిస ఐజాం కూర్చుని ఉన్నాడు. వాడి తల్లి హేగర్ పాలు తాగే పెర్మీలియా బతికింది. ఐజాం టోపీ తీశాడు. తల సగం నెరిసింది. ఆమె కంటే ఏడాదే పెద్ద.

మర్నాడు శుక్రవారం, కాన్సాస్ మొదటి శాసనసభకి ఎన్నిక. ఆ సభ బానిసల్ని ఉంచుకోవచ్చంటే ఉంటారు, వద్దంటే ఉండరు. వాగు పక్క ఊరికంతటికీ చెక్క పలకల నేల, అద్దం కిటికీ ఉన్న ఇల్లు ప్రూయిట్లదే. అందుకని ఓట్లు వాళ్ళింట్లోనే. గవర్నరు నియమించిన ముగ్గురు ఎన్నికల న్యాయమూర్తుల్లో పెర్మీలియా భర్త అబ్నర్ ఒకడు.

అబ్నర్ భారీ మనిషి, నిదానస్తుడు. ఒక మాట అనే ముందు నోట్లో రెండుసార్లు తిప్పుకుంటాడు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర బామ్మర్ది ఒక్కడే మాట్లాడాడు.

"బావా, ఇంత చిన్నింట్లో గవర్నమెంటుని ఎక్కడ పెట్టుకున్నావ్?"

"ఈ బల్ల మీదే. మోచేతులు తియ్, జిడ్డు మరకలవుతాయి."

"రేపు మావాళ్ళు ఓటేసి మధ్యాహ్నానికల్లా బళ్ళు కట్టేస్తారు. నీకేం ఇబ్బంది ఉండదు."

"ఇక్కడ కాపురం ఉన్నవాడికే ఓటు, డ్రూరీ. బైబిలు మీద ప్రమాణం చేసి చెప్పాలి."

"కాపురమంటే ఏంటి బావా? ఇదిగో ఇక్కడ కూర్చున్నాను. నీ పంది మాంసం తింటున్నాను. రాత్రికి నీ వాగొడ్డున పడుకుంటాను. మా అమ్మ దగ్గరున్నా ఇంతకంటే ఏం చెయ్యను కదా!"

అబ్నర్ మొహంలో నవ్వు రాబోయి ఆగింది. "ఎల్లుండి ఎక్కడుంటావ్?"

డ్రూరీ రొట్టె ముక్క పక్కన పెట్టాడు. "బానిసత్వం వద్దనేవాళ్ళు మసాచుసెట్స్ నుంచి టికెట్లు కొనిచ్చి మరీ మనుషుల్ని దింపుతున్నారే, ఆ మనుషుల్నడిగావా ఎల్లుండి ఎక్కడుంటారని?"

"వాళ్ళు ఇక్కడ గింజ నాటారు."

"మా సొత్తు ఎత్తుకుపోవడానికి వచ్చారు బావా. వాళ్ళు ఇక్కడ గెలిచారంటే నది అవతల ఒక్కడి ఇంట్లో ఒక్క బానిస మిగలడు. రాత్రికి రాత్రి ఇటు దూకేస్తారు. అప్పుడు అమ్మ గతేంటి? జనపనార నువ్వొచ్చి కొడతావా?"

"నాకు నల్లవాళ్ళ మీద జాలీ లేదు, పగా లేదు," అన్నాడు అబ్నర్. "మా నాన్న కూలికెళ్ళి నన్ను పెంచాడు. నువ్వు జీతం లేని ముప్ఫైమందిని తెచ్చి పక్క పొలంలో దింపితే నా రెక్కల కష్టానికి విలువేముంటుంది? అందుకని బానిసలొద్దంటాను. అసలు ఇక్కడ నల్లవాళ్ళే వద్దంటాను. నా ఓటు అంతవరకే."

తలుపు తెరిచే ఉంది. బయట ఐజాం గుర్రానికి మాలీసు చేస్తున్నాడు. అతని చెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదలడం పెర్మీలియా చూసింది.

కాసేపటికి పళ్ళెంలో మొక్కజొన్న రొట్టె, మాంసం పెట్టుకుని బయటికెళ్ళింది. ఐజాం నిలబడే తిన్నాడు.

"లెథా బాగుందా?" అని అడిగింది. లెథా వాడి భార్య. మాడక్స్ ఇంట్లో వంటమనిషి.

"జనవరిలో దక్షిణానికి అమ్మేశారు, చిన్నమ్మగారూ."

పుట్టింటి నుంచి ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది. అందులో పందుల సంగతి రాశారు, పాస్టరుగారి దగ్గు సంగతి రాశారు.

ఐజాం రొట్టె ముక్కలు జాగ్రత్తగా నమిలి మింగాడు. పళ్ళెం తిరిగి ఇస్తూ, గొంతు మార్చకుండా, వాతావరణం గురించి అడిగినట్టు అడిగాడు. "ఈ వాగు ఎక్కడ్నించి వస్తుందమ్మా?"

ఆ ప్రశ్న దేనికో ఆమెకి వెంటనే తెలిసింది. వాగు వెంట ఎగువకి మూడు మైళ్ళు పోతే క్రాస్‌బీ రంపపు మిల్లు ఉంది. ఆ మిల్లులో దుంగలతో పాటు ఇంకెవర్ని దాచుతారో క్రాస్‌బీ భార్య ఒకసారి నోరు జారింది. అక్కణ్ణించి ఉత్తరానికి నెబ్రాస్కా, ఆపైన అయోవా. అక్కడ బానిసలు లేరు.

లోపల తమ్ముడు ఏదో అని పెద్దగా నవ్వాడు.

"నాకు తెలీదు ఐజాం," అంది పెర్మీలియా.

"చిత్తం అమ్మా," అన్నాడు. టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు.

*

శుక్రవారం తొమ్మిదింటికి బల్లని కిటికీకి ఆనించి వేశారు. బల్ల మీద ఓట్ల పెట్టె, పేర్లు రాసే పుస్తకం, ప్రమాణానికి బైబిలు. అబ్నర్ మధ్యన కూర్చున్నాడు. ఒక పక్క మిల్లు క్రాస్‌బీ, ఇంకో పక్క హైట్ అనే ముసలి రైతు. పెర్మీలియా పొయ్యి దగ్గర నిలబడింది. ఆడవాళ్ళకి ఓటు లేదు, కానీ తన ఇంట్లోంచి తనని పొమ్మనే హక్కు కూడా ఎవరికీ లేదంది.

మొదట వచ్చినవాళ్ళు వాగు పక్క కాపురస్థులే. ఆరుగురు ప్రమాణం చేసి ఓటేశారు. ఏడోవాడు రాబోతుంటే గుంపు వాణ్ణి ఎత్తి తలల మీంచి వెనక్కి పంపేసింది. బంతిని అందించుకున్నట్టు ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి వెళ్ళాడు పాపం. టోపీ ఎక్కడో పడింది. గుంపంతా ఘొల్లుమని నవ్వింది.

కిటికీలో కెప్టెన్ యోకమ్ మొహం కనపడింది. మిస్సోరీలో డ్రూరీ పక్క తోట యజమాని. గుంపుకి నాయకుడు అతనే.

"పేరు ఆల్ఫియస్ యోకమ్. రాసుకో."

"కాన్సాస్‌లో కాపురం ఉంటున్నానని ప్రమాణం చెయ్యండి," అన్నాడు అబ్నర్.

"నీ కిటికీ ముందు నిలబడ్డాను. గుడ్డివాడివా?"

"కాపురం అడిగాను. నిలబడడం కాదు."

"ఒరే, వీడికి మేం నిలబడ్డం నచ్చలేదంట్రా!" అని యోకమ్ వెనక్కి తిరిగి అరిచాడు. "అయితే వీడి ఇంటిని లేపి నిలబెడదాం పట్టండి!"

కంచెలోంచి దుంగలు పీకుతున్న చప్పుడు వినపడింది. అదేమిటో లోపలున్నవాళ్ళకి అర్థమయ్యేలోపు నేల కదిలింది. ఇంటి మూల కింద దుంగలు దూర్చి పదిమంది ఒక్కసారి పైకి ఎత్తారు. ఇల్లు మూలిగింది. అలమరలోని కప్పులు ఒకటొకటే జారి నేల మీద బద్దలయ్యాయి. పొయ్యిలో నిప్పులు పొర్లి పలకల మీదికొచ్చాయి. పెర్మీలియా బకెట్టెడు నీళ్ళు గుమ్మరించింది. ఇల్లు ధబ్బున కింద పడింది. మళ్ళీ లేచింది.

ముసలి హైట్ తెల్లబోయి లేచాడు. "నేను రాజీనామా ఇచ్చేస్తున్నా బాబూ, నన్ను పోనివ్వండి."

క్రాస్‌బీ కూడా లేచాడు. అబ్నర్ అతని చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు కూడానా? ఊళ్ళో ఉపన్యాసాలన్నీ నీవే కదా!"

క్రాస్‌బీ కళ్ళు దించుకున్నాడు. "నేనిప్పుడు చస్తే కుదరదు అబ్నర్. కారణం అడక్కు," అని గుమ్మం దాటి గుంపు తిట్లలో నడిచిపోయాడు. పిరికిపంద అనుకుంది పెర్మీలియా.

బల్ల దగ్గర అబ్నర్ ఒక్కడే మిగిలాడు. పుస్తకం మూసి దాని మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు.

అప్పుడు కిటికీ దగ్గరికి డ్రూరీ వచ్చాడు. పొద్దున్నించీ తాగినట్టున్నాడు. కళ్ళు మాత్రం నిలకడగానే ఉన్నాయి. జేబులోంచి గడియారం తీసి మూత తెరిచాడు.

"బావా, వీళ్ళు ఐదు నిమిషాలిచ్చారు. రాజీనామా అని ఒక్క ముక్క అను. లేచి బయటికి రా. నీ మర్యాదకి ఏం లోటుండదు."

"ఎవడిచ్చాడు?"

"బావా, నీకు దణ్ణం పెడతాను. వంకర మాటలొద్దు."

పెర్మీలియా బల్ల దగ్గరికొచ్చి భర్త కుర్చీ వెనక నిలబడింది.

"అక్కా, నువ్వు లోపలికెళ్ళు."

"ఇల్లంతా ఒకటే గది. ఎక్కడికెళ్ళమంటావ్?"

"ఒక నిమిషం అయింది," అన్నాడు డ్రూరీ.

బయట డప్పులు ఆగిపోయాయి. వాగు అవతల ఎక్కడో ఒక గుర్రం సకిలించింది. అబ్నర్ మెడ మీద చెమట బొట్టు పుట్టి, కాలరు లోపలికి జారడం పెర్మీలియా చూసింది. ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఏమండీ," అంది చెవి దగ్గర. "మీకు లేవాలనుంటే లేవండి. నేనేమీ అనుకోను."

"మూడొందలమంది చేత అబద్ధం రాయించి కింద నా పేరు పెట్టలేను మీలీ," అన్నాడాయన. "చెయ్యి తిరగదు."

"మూడు నిమిషాలు."

యోకమ్ డ్రూరీని పక్కకి తోసి, తుపాకీ గొట్టాన్ని కిటికీ చెక్క మీద ఆనించాడు. మీట వెనక్కి లాగిన చప్పుడు టక్కుమంది. గొట్టం సరిగ్గా అబ్నర్ గుండెకి ఎదురుగా ఉంది. ఆ వెనకే పెర్మీలియా నిలబడి ఉంది.

"నాలుగు," అన్నాడు డ్రూరీ. గడియారం వైపు చూడడం లేదు. యోకమ్ వేలి వైపు చూస్తున్నాడు.

ఐదు అనలేదు. ఒక్క దూకులో కిటికీ ఎక్కి, బల్ల మీదికి దూకి, పిస్తోలు మడమతో బావ తల మీద కొట్టాడు. అబ్నర్ పక్కకి ఒరిగాడు. రెండో దెబ్బ మెడ కింద ఎముక మీద పడింది. అది విరిగిన చప్పుడు పెర్మీలియా విన్నది. ఇద్దరు ముగ్గురు లోపలికి దూరి, కుర్చీతో సహా అబ్నర్‌ని గుమ్మం బయటికి ఈడ్చిపారేశారు. బల్లా పెట్టే పుస్తకమూ కిటికీలోంచి బయటికెళ్ళిపోయాయి. ఒక బండి మీద బల్ల వేసి, కేకలతో కొత్త న్యాయమూర్తుల్ని ఎన్నుకున్నారు. ప్రమాణం మాట ఎవరూ ఎత్తలేదు. డప్పులు మళ్ళీ మొదలయ్యాయి.

పెర్మీలియా భర్త చంకల కింద చేతులు పెట్టి లాగింది. మనిషి కదల్లేదు. నెత్తురు చెంప మీంచి మట్టిలోకి కారుతోంది. మూడొందలమందిలో ఒక్కడూ ఇటు రాలేదు. డ్రూరీ అటు తిరిగి నిలబడ్డాడు. అప్పుడు రెండు నల్లని చేతులు అబ్నర్ కాళ్ళు పట్టుకున్నాయి.

"మీరు తల పట్టుకోండి చిన్నమ్మగారూ," అన్నాడు ఐజాం.

ఇద్దరూ కలిసి లోపలికి మోసుకొచ్చారు. ఐజాం కాలితో తలుపు మూశాడు. ఇంటి మూల వంగిపోయింది కదా, తలుపు సగమే పడింది.

"కంచరగాడిదని పడమటికి తోలేశానమ్మా," అన్నాడు గబగబా. "నేను దానిమీద పోయాననుకుంటారు, ఒక గంటసేపు. మైదానమంతా కాలిపోయింది, కుందేలు పరిగెత్తినా మైలు దూరం కనపడుతుంది. చీకటి పడేదాకా ఎక్కడైనా దూరాలి."

నేల పలకల కింద బంగాళాదుంపల గుంట ఉంది. చలికాలం తిని తిని దుంపలు అడుగంటాయి. ఆమె రెండు పలకలు పైకెత్తింది.

"మీలీ." అబ్నర్‌కి తెలివొచ్చింది. ఒక కన్ను నెత్తురుతో మూసుకుపోయింది. "వద్దు. అది నేరం. పారిపోయినవాణ్ణి దాస్తే మనకి జైలు. చట్టం ఉంది."

"ఏ చట్టమండీ? ఇందాక కిటికీలోంచి బల్లతో సహా వెళ్ళిపోయిందే, అదేనా?"

ఐజాం గుంట అంచున నిలబడి ఆయన వైపు చూశాడు.

"అయ్యా, నిన్న మీరన్న మాట విన్నాను," అన్నాడు. "ఇక్కడ నల్లవాళ్ళే వద్దన్నారు. నేనూ ఉండనయ్యా. పోనివ్వండి, చాలు."

బయట అడుగుల చప్పుడు వినపడింది. ఎవరో ఐజాం పేరు పెట్టి పిలుస్తున్నారు. ఐజాం ఆయన జవాబు కోసం ఆగలేదు. గుంటలోకి దిగి మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ముడుచుకున్నాడు. పెర్మీలియా పలకలు మూసింది. మూసిన చోట మట్టి చెదిరి కొట్టొచ్చినట్టు కనపడుతోంది. ఆమె అటూ ఇటూ చూసింది.

"పరుపు తెచ్చి అక్కడ వెయ్," అన్నాడు అబ్నర్. "నన్ను దానిమీదికి జరుపు. త్వరగా."

గడ్డి పరుపు లాక్కొచ్చి వేసింది. విరిగిన ఎముక కదిలినప్పుడు ఆయన పళ్ళు పటపటలాడాయి కానీ అరవలేదు.

యోకమ్ తలుపుని భుజంతో తోసి వచ్చాడు. వెనక డ్రూరీ.

"ఐజాం ఏడక్కా?"

"నీ మనిషిని నన్నడుగుతావేంట్రా?"

"ఇటు మోసుకొచ్చాడని చెప్పారు."

"మోసుకొచ్చాడు. నువ్వు రాలేదు కదా మరి."

డ్రూరీ మొహం కందిపోయింది. నిచ్చెనెక్కి అటక చూశాడు, మంచం కింద చూశాడు. యోకమ్ పిండి పీపాలో కత్తి గుచ్చి చూశాడు. గుచ్చాక ఆ కత్తి తుడుచుకుంటూ పరుపు దగ్గర ఆగాడు.

"వీణ్ణి లేపు. కింద చూడాలి."

"ఎముక విరిగింది," అంది పెర్మీలియా. "లేపితే చస్తాడు. మిగిలిన పని పూర్తి చెయ్యాలనుంటే లేపండి."

"డ్రూరీ, నీ బావ. నువ్వే లేపు."

డ్రూరీ కదల్లేదు. పరుపు మీది నెత్తురు చూశాడు. దాన్నించి కళ్ళు తిప్పుకుని, "అక్కర్లేదు," అన్నాడు. "మా బావ అబద్ధమాడడు. ఆడేవాడైతే ఇవాళ ఈ గతెందుకు? బావా, నువ్వు చెప్పు. వాడు ఇంట్లో ఉన్నాడా, లేడా?"

"ఊరికే చెబితే కాదు," అన్నాడు యోకమ్. నేల మీద పడున్న బైబిలు తీశాడు. "పొద్దున ప్రమాణం ప్రమాణం అని ప్రాణం తీశాడుగా. ఇప్పుడు వాడి చేత చేయించు."

అబ్నర్ కుడి చెయ్యి లేవలేదు. డ్రూరీయే ఒంగి, ఆ చేతిని పట్టుకుని పుస్తకం మీద పెట్టాడు. పెట్టి, జారిపోకుండా తన అరచేత్తో కిందనుంచి పట్టాడు.

పాతికేళ్ళ వయసులో ఒక గొడ్డలి అరువు తెచ్చి పోగొట్టుకున్నందుకు పదకొండు మైళ్ళు నడిచి వెళ్ళి చెప్పొచ్చిన మనిషి అబ్నర్. పాస్టరు అతిశయోక్తి చెప్పినా ఊరుకోడు. నరకం ఉందని, అందులో మంట నిజమైన మంటేనని నమ్ముతాడు.

"నువ్వు వెతికే మనిషి ఈ ఇంట్లో లేడు," అన్నాడు అబ్నర్. "దేవుడే సాక్షి."

యోకమ్ ఇంకా అనుమానంగానే చూస్తున్నాడు. ఇంతలో బయట ఒకడు కేకేశాడు. "కంచరగాడిద అడుగులు! పడమటికి పోయాయి!" యోకమ్ తిట్టుకుంటూ పరిగెత్తాడు.

డ్రూరీ గుమ్మంలో ఆగాడు. అక్క చేతుల వైపు చూశాడు. గోళ్ళలో మట్టి ఉంది. చాలాసేపు చూశాడు. వాడు నమ్మాడో, నమ్మినట్టు నటించాడో ఆమెకి ఎప్పటికీ తెలియలేదు.

"నేను కొట్టకపోతే యోకమ్ కాల్చేవాడక్కా."

"తెలుసు."

"తెలిసీ నాతో ఇలా..."

"తెలుసు కాబట్టే ఇంకా మాట్లాడుతున్నాను. లెథాని ఎవడమ్మాడ్రా?"

డ్రూరీ తడబడ్డాడు. "అమ్మకి మందుల ఖర్చు... దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"వెళ్ళు డ్రూరీ."

"అమ్మకి ఏం చెప్పమంటావ్?"

"నువ్వు చేసిందే చెప్పు."

వాడు టోపీ పెట్టుకుని మెట్టు దిగాడు. తమ్ముణ్ణి ఆమె చూడడం అదే ఆఖరు. ఆరేళ్ళ తర్వాత ఉత్తరం, దక్షిణం అని దేశం రెండుగా చీలి సైన్యాలు దిగినప్పుడు డ్రూరీ దక్షిణం వైపు వెళ్ళి, అర్కాన్సాస్‌లో ఒక కొండ కింద పోయాడు.

*

మధ్యాహ్నానికల్లా బళ్ళు కట్టేస్తామన్నారు కానీ, సారా అయ్యేదాకా ఉండి సాయంత్రం కదిలారు. పడమటికి వెళ్ళినవాళ్ళు ఖాళీ కంచరగాడిదని పట్టుకుని తిట్టుకుంటూ వచ్చి వాళ్ళలో కలిశారు. నలుగురు మనుషులు మాత్రం వాగు దగ్గర కాపలా ఉండిపోయారు. తెల్లవారుజామున వాన పట్టాక వాళ్ళూ వెళ్ళిపోయారు.

పలకలెత్తితే ఐజాం వెంటనే లేవలేకపోయాడు. కాళ్ళు కొయ్యబారాయి. పెర్మీలియా మోకాళ్ళు రుద్దింది. పొద్దు పొడుస్తుంటే వానలో వాగు దాకా తోడు వెళ్ళింది. అబ్నర్ పాత కోటు, రొట్టె మూట చేతికిచ్చి దారి చెప్పింది. వాగుని కుడిచేతి పక్కన ఉంచుకుని నడవాలి, మూడో మైలు దగ్గర మిల్లు చక్రం కనపడుతుంది, వెనక తలుపు తట్టాలి.

ఐజాం అంతా విన్నాడు. "మొన్న సాయంత్రమే చెప్పుంటే, చిన్నమ్మగారూ," అన్నాడు, "ఆ రాత్రే వెళ్ళిపోయేవాణ్ణి. అయ్యగారు నా కోసం అబద్ధపు ప్రమాణం చెయ్యాల్సొచ్చేది కాదు."

"ఐజాం, నన్ను..." అంటుండగానే వాడు తలూపి, నీళ్ళలోకి దిగి, వాన తెరలోకి నడిచిపోయాడు. చిత్తం అనలేదు.

వారం తర్వాత క్రాస్‌బీ మొక్కజొన్న బస్తాతో వచ్చాడు. "మీరు పంపిన దుంగ నెబ్రాస్కా దాటింది," అన్నాడు. అబ్నర్ మంచం మీద నుంచే అతన్ని తేరిపార చూశాడు. "అందుకా ఆ రోజు లేచిపోయావ్?" అని అడిగాడు. "ఆ పూట మిల్లులో ముగ్గురున్నారు," అన్నాడు క్రాస్‌బీ. "నేను చస్తే వాళ్ళకి తిండి పెట్టేవాడు లేడు." పెర్మీలియా ఏమీ అనకుండా లేచి అతనికి కాఫీ పోసింది.

వాగు పక్క ఓటున్న కాపురస్థులు యాభై ముగ్గురు. ఆ రోజు పడిన ఓట్లు మూడు వందల నలభై ఒకటి. కాన్సాస్ అంతటా అలాగే జరిగిందని పత్రికల్లో వచ్చింది. ఉత్తరాన కొందరు పెట్టెల్లో తుపాకులు పంపుతున్నారని, దక్షిణాన ఇంకొందరు బళ్ళు సిద్ధం చేస్తున్నారని విన్నారు.

అబ్నర్ ఎముక వంకరగా అతుక్కుంది. వేసవి అంతా ఆయన బైబిలు ముట్టలేదు. ఆదివారం పెర్మీలియా చదువుతుంటే బయటికెళ్ళి మెట్టు మీద కూర్చునేవాడు. ఒకసారి ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది.

"తప్పు చేశాననుకుంటున్నారా?"

"అబద్ధపు ప్రమాణం చేశాను. అది తప్పే," అన్నాడు. వంకర భుజం నిమురుకుంటూ అన్నాడు, "మళ్ళీ అడిగితే మళ్ళీ చేస్తాను. నాకు అదే భయంగా ఉంది మీలీ."

సెప్టెంబరులో కొత్త శాసనసభ చేసిన చట్టాలు అచ్చయి వచ్చాయి. అబ్నర్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, వేలితో పంక్తి వెంట జరుగుతూ, పైకి చదివాడు. బానిసని యజమాని దగ్గర్నుంచి తప్పించిన వారికి మరణం, లేదా పదేళ్ళకి తక్కువ కాకుండా కఠిన శిక్ష. పదిహేనో తారీఖు నుంచి అమలు.

"మన బల్ల మీద పడ్డ ఓట్లతో చేసిన చట్టం," అంది పెర్మీలియా.

ఆయన కాగితం మడిచి పక్కన పెట్టాడు.

అక్టోబరులో ఒక పట్టపగలు క్రాస్‌బీ బండి వచ్చి ముంగిట ఆగింది. గడ్డి మోపుల మధ్యనుంచి ఒక నల్ల ఆడమనిషి తల కనపడింది. చెంప మీద మానుతున్న గాయం ఉంది. మిల్లు చుట్టూ రెండు రోజులుగా మనుషులు తిరుగుతున్నారని, అక్కడ ఉంచడానికి లేదని క్రాస్‌బీ అన్నాడు. చెప్పవలసింది చెప్పి, పగ్గాలు పట్టుకుని అబ్నర్ వైపు చూస్తూ కూర్చున్నాడు.

పెర్మీలియా గుమ్మంలో నిలబడింది. నోటిదాకా వచ్చిన మాట ఆపుకుంది. ఈసారి ఆయన తరఫున తను చెప్పకూడదనుకుంది.

అబ్నర్ తూర్పు దారి వైపు ఒకసారి చూశాడు. ఆపైన బండి దగ్గరికి వెళ్ళి, బాగున్న చేత్తో గడ్డి పక్కకి తీసి, ఆ మనిషికి చెయ్యందించాడు.

"నీ పేరేంటమ్మా?"

ఆమె ముందు క్రాస్‌బీని చూసింది, ఆ తర్వాత గుమ్మంలో ఉన్న ఆడమనిషిని చూసింది. "కెరెన్, అయ్యా."

"దిగు కెరెన్. భోజనం వేళయింది," అన్నాడు అబ్నర్.